పలకరింపు పెట్టె పక్కన ఊఁ కొట్టిన శీతకాలం

మనవి

నా తెలుగు పేద తెలుగు. చదివేవారు ముందుగా ఆ విషయాన్ని మన్నించాలి. నేను చిన్ననాడు బడికి వెళ్లినవాణ్ణి కాను. పాతికేళ్లకు పైగా మంచు కోసి, ఆ మంచును కరిగించే బట్టీ దగ్గర నిలబడి, ఆ తరువాత పంపుల కొట్టంలో నడిచిన రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నాను. నలభై నాలుగో ఏట, మూడో ప్రయత్నంలో, ఉత్తీర్ణుడనయ్యాను. ఆ పత్రం నా మంచం తలవైపు గోడకు ఉన్నది. అదే ఏడాది నన్ను మెట్టవలస లేఖకుడిగా నియమించారు. ఈ రాతలో ఒత్తులు, సున్నలు ఎక్కడైనా తప్పితే ఆ తప్పు నాది. మా పంతులమ్మ రామానుజమ్మగారిది కాదు.

ఇట్లు, దాసరి గౌరునాయుడు, వయస్సు నలభై ఎనిమిది.

చీకటి రోజు 58

చలి మైనస్ డెబ్బై ఒకటి. పెద్ద తలుపు బందులకు పట్టిన మంచు గీకి గ్రీజు పూశాను. మొలకల తట్టలకు నీరు చిలకరించాను. ఆరు గంటలకు గంట కొట్టాను.

వలసలో ఉన్న అరవై రెండు మందీ గుమ్మం దగ్గర వరుసగా నిలబడి, పలకరింపు పెట్టెకు బదులు చెప్పి పనుల్లోకి వెళ్లారు. పెట్టె అడిగేది ఒకటే ప్రశ్న: "ఎలా ఉన్నారు?" మావాళ్లు చెప్పేది ఒకటే బదులు: "బాగానే ఉన్నాం." వరుస మొత్తం ఆరు నిమిషాల్లో ముగిసింది. పన్నెండు వలసల్లో ఇంత క్రమశిక్షణ మరెక్కడా లేదని నా నమ్మకం.

సూర్యుడు కనబడి యాభై ఎనిమిది రోజులైంది. ఇంకా ఎనభై రెండు రోజులు కనబడడు. ఈరోజు పై అద్దం మా గాజుకప్పు మీద గంటా పది నిమిషాలు నిలిచింది. పోయిన నెలలో మూడు గంటలు నిలిచేది. ఆకాశంలో తిరిగే ఆ అద్దం పన్నెండు వలసలకూ ఒక్కటే. ఎక్కడి మనుషుల మనసు కుంగినట్టు పెట్టెలు చెబుతాయో, అద్దం కార్యాలయంవారు ఎండను అటువైపు ఎక్కువసేపు తిప్పుతారు. మా వైపు తక్కువ తిప్పుతున్నారంటే అది మాకు గౌరవమే. ఉల్లాసంలో ప్రథమ స్థానపు డాలు నాలుగు శీతకాలాలుగా మా వంటశాల గోడ మీదనే ఉన్నది. అంటే, నేను లేఖకుడినైన నాటి నుండి.

డాలును గుడ్డతో తుడిచాను.

చీకటి రోజు 64

అద్దం నలభై నిమిషాలు. మెంతికూర పసుపు రంగుకు తిరిగింది. వంటశాల పెద్ద గవరమ్మ ఆ కూరను నాకు చూపి, "ఇది కూడా బాగానే ఉన్నాదా బాబూ?" అని అడిగింది. ఆమెకు అరవై దాటాయి. ఆమె మాటను పట్టించుకోవలసిన పని లేదనుకున్నాను.

ఉదయం వరుసలో అరవై ఒక్క మందే ఉన్నారు. మా బావ ఎర్నాయుడు రాలేదు.

బావ మా అప్ప తవిటమ్మ భర్త. మంచు తొలిచే పెద్ద యంత్రం మీద ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాడు. ఆ యంత్రం చప్పుడును మించిన గొంతుతో కథలు చెప్పేవాడు. అతని తోటి పనివాడు లచ్చుము యంత్రానికి అవతలివైపు నిలబడి ఊఁ కొట్టేవాడు. కథ, ఊఁ, కథ, ఊఁ. ఇద్దరూ కలిసి రోజుకు పదిహేను గజాలు తొలిచేవారు. ఈ శీతకాలం లచ్చుము స్థానంలో ఒక మరచేయిని బిగించారు. అది లచ్చుము కంటే బలమైనది. పని మాత్రం తొమ్మిది గజాలకు పడిపోయింది. కారణం మంచు గట్టిదనమని నేను ఇదే పుస్తకంలో రాశాను.

నిబంధన ప్రకారం, వరుసగా ఏడు ఉదయాలు పెట్టెకు బదులు చెప్పని మనిషిని నిద్రగదిలో పడుకోబెట్టి, సూర్యుడు వచ్చేదాకా చల్లగా నిద్రపుచ్చాలి. ఆ కాగితం మీద లేఖకుడు సంతకం చేయాలి. ఈరోజు మొదటి ఉదయం.

చీకటి రోజు 66

అద్దం ఇరవై ఐదు నిమిషాలు. బావకు మూడో ఉదయం.

మధ్యాహ్నం అప్ప ఇంటికి వెళ్లాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కంచంలో అన్నం అలాగే ఉంది.

"బావా, ఆరోగ్యం ఎట్లున్నది?" అని అడిగాను.

"బాగానే ఉన్నాను" అన్నాడు గోడతో.

అప్ప నన్ను బయటకు పిలిచింది. "మూడ్రోజుల్నించి మీ బావ అన్నమాట అదొక్కటేరా. అన్నం వడ్డించనా అంటే బాగానే ఉన్నాను. స్నానానికి నీళ్లు పెట్టనా అంటే బాగానే ఉన్నాను. ఇరవై రెండేళ్లు నోరు ముయ్యరా మగడా అని మొత్తుకున్నాను. ఇప్పుడు దేవుడు విన్నాడు."

"భయపడవలసిన పని లేదప్పా" అన్నాను.

"పుస్తకంలో మాటలు నాకు సెప్పకు. లచ్చుము కాగితం మీద సంతకం పెట్టింది నువ్వే కదా. మీ బావ కాగితం మీద కూడా పెడతావా?"

నేను టోపీ పెట్టుకుని వచ్చేశాను.

చీకటి రోజు 67

అద్దం పది నిమిషాలు. నాలుగో ఉదయం.

అద్దం కార్యాలయానికి ఉత్తరం పంపాను. ఎండ ఇంతగా తగ్గడానికి కారణం తెలియజేయవలసిందిగా కోరాను. సాయంత్రానికే సమాధానం వచ్చింది. దానిని యథాతథంగా ఎత్తి రాస్తున్నాను: "మెట్టవలసలో నాలుగేళ్లుగా ఒక్కరు కూడా బాగాలేనని చెప్పలేదు. మీకు మా అభినందనలు. మిగిలిన వలసలు మీ ఎండను కృతజ్ఞతతో వాడుకొంటున్నవి."

ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. తరువాత ఈ పుస్తకంలోని పాత పుటలన్నీ తిరగేశాను. నాలుగు శీతకాలాలు, ప్రతి ఉదయం బాగానే ఉన్నారని నా అక్షరాల్లోనే ఉంది. లచ్చుమును నిద్రగదిలో పెట్టిన రోజున కూడా, "ఒకరు విశ్రాంతిలో ఉన్నారు, మిగిలినవారు బాగానే ఉన్నారు" అని రాశాను.

పోయిన ఏడాది లచ్చుము సూర్యుడితో పాటు లేచాడు. కానీ తన కూతురి పేరు అతనికి గుర్తు రాలేదు. మమ్మల్నెవరినీ గుర్తుపట్టలేదు. ఇప్పుడు తమ్ముడి దగ్గర వేరే వలసలో ఉన్నాడు. ఆ సంగతి ఈ పుస్తకంలో ఎక్కడా లేదు. ఈరోజు రాస్తున్నాను.

మావాళ్లకు అలా బదులు చెప్పడం నేర్పిందెవరో కూడా రాయాలి. మొదటి ఏడాది నేనే అందరినీ కూర్చోబెట్టి చెప్పాను: "గుమ్మంలో నిలబెట్టి ఎవరైనా కుశలం అడిగితే, కష్టాలు ఏకరువు పెట్టడం మర్యాద కాదు. బాగానే ఉన్నామని చెప్పి ముందుకు సాగండి." మా పెద్దలు మాకు నేర్పిన మర్యాదే అది. పెట్టెకు ఆ మర్యాద తెలియదు. విన్నదాన్ని విన్నట్టు పైకి పంపింది.

చీకటి రోజు 68

అద్దం రాలేదు. ఐదో ఉదయం.

గంట కొట్టిన తరువాత అందరినీ ఆపి విషయం వివరించాను. ఇకనుండి పెట్టెకు ఉన్నదున్నట్టు చెప్పవలసిందిగా కోరాను. అందరూ తలలూపారు. వరుస కదిలింది.

"ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాం."

అరవై ఒక్క మందీ అదే అన్నారు. నాలుగు రోజులుగా కళ్లు ఉబ్బి ఉన్న బట్టీ కాపరి సూరమ్మ కూడా అదే అన్నది. ఆమెను పక్కకు పిలిచి ఎందుకలా చెప్పావని మందలించాను.

"సెప్దామనే ఎల్లాను బాబూ. నోట్లోంచి అదే వచ్చీసినాది."

గవరమ్మ వెనకనుండి అందుకుంది. "మాకు సెప్తన్నావు గానీ, నువ్వేటన్నావు ఇందాక?"

నేనేమన్నానో గుర్తు తెచ్చుకున్నాను. నేను కూడా బాగానే ఉన్నానన్నాను.

చీకటి రోజు 69

అద్దం రాలేదు. ఆరో ఉదయం.

లేఖకుడు ముందు నడవాలని నిశ్చయించుకుని, వరుసలో మొదట నేనే నిలబడ్డాను.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది పెట్టె.

"నేను బాగాలేను" అన్నాను.

పెట్టె ఏమీ అనలేదు. దాని పచ్చదీపం వెలుగుతూ ఉంది. వెనక అరవై మంది. నాకు రెండో మాట రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇక తల దించుకుని ముందుకు సాగిపోదామనుకున్న సమయంలో, నా వెనక నిలబడి ఉన్న గవరమ్మ, ఆవులించినంత మామూలుగా, "ఊఁ" అన్నది.

నా నోరు దానంతటదే కదిలింది. "లచ్చుము కాగితం మీద సంతకం చేసింది ఈ చెయ్యే" అన్నాను.

"ఊఁ."

"అన్నం కలుపుకునేటప్పుడు ఈ చెయ్యి ఆగిపోతున్నది. బట్టీ చప్పుడులో ఎవరికీ వినపడదని అక్కడికి పోయి ఏడుస్తున్నాను. మళ్లీ ముఖం కడుక్కుని వచ్చి డాలు తుడుస్తున్నాను."

"ఊఁ. అందుకా ఆ డాలు అంత మెరుస్తాది."

ఎవరో నవ్వారు. నాకు కోపం రాలేదు. పంతులమ్మగారు బోర్డు మీద వేసిన లెక్క ఉన్నట్టుండి తేలినట్టు, నాకు విషయం బోధపడింది. మా ఇళ్లలో కథ చెప్పేవాడికి ఎదురుగా ఊఁ కొట్టేవాడు ఉండాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. పెట్టెను తయారుచేసినవారు దానికి అడగడం నేర్పారు, వినడం నేర్పారు, ఊఁ కొట్టడం నేర్పలేదు. ఊఁ అననివాడికి మావాళ్లు ఒక్క మాట చెబుతారు, రెండో మాట చెప్పరు. ఆ ఒక్క మాట ఏదో అందరికీ తెలిసిందే.

నేను పెట్టె పక్కన నిలబడ్డాను. "రా గవరమ్మా" అన్నాను.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది పెట్టె.

"బాగానే ఉన్నాను" అన్నది గవరమ్మ.

"ఊఁ" అన్నాను నేను.

"ఏటి బాగు. ఈ ఎండబెట్టిన కూరతో యాభై రోజులుగా ఒకే పులుసు కాస్తన్నాను."

"ఊఁ."

"నా వంట నాకే రోత పుట్టీసినాది. తిన్నోడొకడూ బాగునేదని అనడు. అంటే వాడి నెత్తిన గరిటెతో ఒకటి ఇచ్చుకుని నా కసి తీర్చుకుందును కదా. అనడే."

సూరమ్మ తన మొగుడి ముఖం ఒకే దీపం కింద అరవై తొమ్మిది రోజులుగా చూస్తున్నాననీ, ఆ ముఖం చూసి చూసి దానికి ముక్కు ఎక్కడుందో కూడా తెలియడం లేదనీ చెప్పింది. ఆమె వెనక వరుసలో నిలబడి ఉన్న మొగుడే, "ఊఁ" అన్నాడు. అప్పుడు లేచిన నవ్వుకు గాజుకప్పు లోపలి మంచు పొడిపొడిగా రాలింది. ఇది అతిశయోక్తి కాదు. నా టోపీ మీద పడింది. ఒకాయన గాలి వీస్తున్నట్టు కల వస్తోందని చెప్పి ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు. ఊఁ అన్నారు. అతను చెప్పడం పూర్తి చేసి, ముక్కు చీదుకుని పనికి వెళ్లాడు.

ఆరు నిమిషాల వరుస మూడు గంటలు నడిచింది. ఇంత క్రమశిక్షణారాహిత్యాన్ని నేను నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

మధ్యాహ్నం అప్ప ఇంటికి వెళ్లాను. ఈసారి కుశలం అడగలేదు. బావ మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అతను గోడ వైపే ఉన్నాడు. కాసేపాగి, "ఊఁ" అన్నాను.

కదలిక లేదు. మరికాసేపాగి మళ్లీ అన్నాను. అప్ప తలుపు దగ్గర నిలబడి నన్ను వింతగా చూస్తోంది. అలా పదిసార్లో పన్నెండుసార్లో అన్నాను.

"నానేటీ అన్నేదు కదా" అన్నాడు బావ గోడతో.

"ఊఁ."

"మరేటికి ఊఁ?"

"ఊఁ."

"ఏటోయ్ బావమరిదీ, రాత్రిబడిలో ఇదేనా నేర్పినారు?"

"ఊఁ."

అతని వీపు కదిలింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, తెలుసుకోవడానికి ఆపలేదు. కాసేపటికి ఇటు తిరిగాడు. ఆరు రోజుల గడ్డం, లోపలికి పోయిన కళ్లు.

"పోయిన శీతకాలం లచ్చుముకి మేకపోతు కథ సెప్తన్నాను" అన్నాడు. "పాడుబడ్డ నూతిలో మేకపోతు పడిపోయినాది. అక్కడి దాకా సెప్పినాను. మర్నాడు ఆడు లేవలేదు. ఏడ్రోజులకి నిద్రగదిలో ఎట్టీసినారు. లేచినాక ఎల్లి, నూతిలో పడ్డ మేకపోతు గురుతున్నాదా అని అడిగితే, ఏ మేకపోతు బాబూ అన్నాడు నాతో. బాబూ అన్నాడు."

"ఊఁ."

"ఆ సగం కథ నా పీకలో ఉండిపోనాది. ఆ మరచేతికి సెప్దామని సూసినాను. అది ఊఁ అనదు. సెప్పకపోతే పని సాగదు, పని సాగకపోతే లెగాలనిపించదు."

అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఊఁ అన్నాను.

"మేకపోతు ఎలా పైకొచ్చింది?" అని అడిగాను.

"అది నీకు సెప్పను. ఊఁ కొట్టడం నీకింకా బాగా రానేదు" అని, కంచం దగ్గరకు లాక్కున్నాడు.

చీకటి రోజు 70

ఏడో ఉదయం. నిద్రగది కాగితం ఉదయాన్నే యంత్రంలోనుండి దానంతటదే వచ్చింది. బావ పేరు ఉంది. లేఖకుడి సంతకానికి ఖాళీ ఉంది. తొమ్మిది గంటల లోపు పెట్టె అతని గొంతు వినకపోతే నేను సంతకం చేయాలి. నేను చేయకపోయినా, పది గంటలకు నిద్రగది మరచేతులు వచ్చి తీసుకుపోతాయి.

ఆరు గంటలకు గంట కొట్టాను. వరుస నడిచింది. ఒక్కొక్కరికీ ఊఁ కొట్టాను. ఎనిమిదైంది. ఎనిమిదిన్నర అయింది. వరుసలో చివరి మనిషి కూడా చెప్పడం పూర్తి చేశాడు. ఎవరూ పనికి కదలలేదు. అందరూ అప్ప ఇంటి వైపు వీధిలోకి చూస్తూ నిలబడ్డారు.

ఎనిమిదీ యాభైకి బావ వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. అప్ప అతని భుజం పట్టుకుని ఉంది. అతను నడవలేకనో, ఆమె నడవలేకనో చెప్పలేను.

"ఎలా ఉన్నారు?" అని అడిగింది పెట్టె.

బావ దాని వైపు చూశాడు. తరువాత నా వైపు చూశాడు. "బాగునేదు" అన్నాడు.

"ఊఁ" అన్నాను. నాతో పాటు వీధి మొత్తం అన్నది. అరవై ఒక్క గొంతులు.

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంత పెద్ద ఊఁ అతను జన్మలో విని ఉండడు. తరువాత నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. పెద్ద యంత్రం దగ్గర నిలబడేటప్పుడు అలాగే నిలబడతాడు.

"ముందు మా బావమరిది సంగతి" అన్నాడు. "నాలుగేళ్లనాడు ఈడు చదువుకున్నాడు. ఆనాటి నుండి ఈ వలసలో ఎవుడూ ఏడవకూడదంట, మూలగకూడదంట. ఎందుకురా అంటే డాలంట."

"ఊఁ."

"ఆ డాలు మీద పెసరట్టు కూడా పోసుకోలేం."

"ఊఁ" అన్నది అందరికంటే గట్టిగా గవరమ్మ. నేను కూడా అన్నాను. న్యాయంగా అనవలసిందే.

తరువాత మేకపోతు సంగతికి వచ్చాడు. నూతిలో పడిన మేకపోతు రక్షించండి అని అరవలేదట. ఊరిపెద్దను పేరు పెట్టి తిట్టిందట. అతని మీసాన్ని తిట్టింది, అతని పంచెను తిట్టింది, అతను కట్టించిన ఈ దిక్కుమాలిన నూతిని తిట్టింది. ఊరంతా కర్రలతో నూతి చుట్టూ మూగారు. కొడదామంటే అందదు. కొట్టడానికని తాడు వేసి పైకి లాగారు. పైకి వచ్చిన మేకపోతు, "లాగినందుకు దండాలు బాబూ" అని పరుగెత్తిపోయిందట.

ఈ కథ చివరికి చేరే సమయానికి గంట తొమ్మిదిన్నర. కాగితంలోని పేరు దానంతటదే చెరిగిపోయిందన్న విషయం నేను తరువాత గమనించాను. ఎందుకంటే మేకపోతు పరుగెత్తుతున్నప్పుడే గాజుకప్పు మొదట ఎర్రగా, తరువాత పసుపుగా, తరువాత చూడలేనంత తెల్లగా వెలిగింది. నిన్నటి మా మూడు గంటల మొరలను పెట్టె పైకి పంపింది కదా. అద్దం మా వైపు తిరిగింది.

ఎవరూ కేకలు వేయలేదు. అందరూ ముఖాలు పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. అద్దం మూడు గంటల ఇరవై నిమిషాలు నిలిచింది.

బావ పని మొదలుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. మరచేయిని విప్పించి, ఆ స్థానంలో సూరమ్మ మొగుణ్ణి నిలబెట్టాను. సాయంత్రం దాకా ఏడు గజాలు తొలిచారు.

చీకటి రోజు 83

అద్దం కార్యాలయంనుండి ఆందోళనతో ఉత్తరం వచ్చింది. మెట్టవలస పదమూడు రోజుల్లో ప్రథమ స్థానం నుండి పన్నెండో స్థానానికి దిగిందని, ప్రమాదమేదైనా సంభవించిందా అని అడిగారు. నా సమాధానం ప్రతి ఇది:

"అయ్యా, ప్రమాదం నాలుగేళ్లుగా ఉన్నది, ఇప్పుడు తొలగినది. మంచు పనిలో రోజుకు పదహారు గజాలు తొలుస్తున్నాము. మెంతికూర పచ్చగా ఉన్నది. నిద్రగదిలో ఎవరూ లేరు. మేము బాగాలేమని రోజూ చెప్పుకొనుచున్నాము, అందువలన కులాసాగా ఉన్నాము. రోజుకు రెండు గంటల ఎండ మాకు చాలును. మిగిలినది ఇతరులకు ఇవ్వగలరు."

డాలును వెనక్కి పంపవలసి వచ్చింది. మూట కట్టే ముందు చివరిసారిగా తుడిచాను. బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆ సంగతిని మర్నాడు గుమ్మంలో చెప్పుకున్నాను. గవరమ్మ ఊఁ కొట్టింది.

సూర్యుడు వచ్చిన రోజు

పదకొండు గంటల నాలుగు నిమిషాలకు, తూర్పు మంచుగట్టు మీద, గోరంత. అరవై రెండు మందీ నిలబడి చూశారు. పేరు పేరునా లెక్కపెట్టాను. అరవై రెండు మందికీ ఒకరి పేర్లు ఒకరికి గుర్తున్నాయి. పోయిన ఏడాది ఈ వాక్యాన్ని రాయలేకపోయాను.

నిద్రగది చల్లదనం ఆవకాయ జాడీలకు బాగా పనికివస్తుందని గవరమ్మ తాళంచెవి తీసుకున్నది. బావ లచ్చుము దగ్గరకు ప్రయాణం కడుతున్నాడు. మేకపోతు కథ మొదటి నుండి చెబుతాడట. గుర్తులేకపోతే మరీ మంచిది, కొత్తగా వింటాడన్నాడు.

ఈ పుస్తకాన్ని తరువాత ఎవరు చదవాలో రాసి ముగిస్తాను. మొదట, నా తరువాత మెట్టవలసకు లేఖకుడయ్యేవారు. అటు పిమ్మట, మా డాలు ఇప్పుడు ఏ వలస గోడ మీద ఉన్నదో ఆ వలసవారు. ఆలస్యం చేయకుండా, అందరినీ కూర్చోబెట్టి, పైకి చదవాలి. వచ్చే ఏడాది డాలు చేతులు మారితే పుస్తకం కూడా దాని వెంటే వెళ్లాలి.

చదివేవారి పక్కన తప్పనిసరిగా ఒకరు కూర్చుని ఊఁ కొట్టాలి. మీ వలసలో అందుకు ఎవరూ దొరకని పక్షంలో మెట్టవలసకు కబురు చేయండి. నేను వస్తాను. ఇప్పుడు నాకు బాగా వచ్చునని మా బావ కూడా ఒప్పుకున్నాడు.